ఐస్ డబ్బా ఎవరిది?

ఇళ్లకు వెళ్లి పరీక్షకు రక్తం తీసుకొచ్చే పని నాది. గన్‌ఫౌండ్రీ సందులో ఉన్న ఒక ల్యాబ్‌లో పన్నెండేళ్లు జీతానికి చేశాను. కిందటేడు ఒకరోజు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఇకనుంచి మీరు ఉద్యోగులు కారు, పార్ట్‌నర్లు అన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఐడీ కార్డు వెనక్కి తీసుకున్నారు. సంతకం పెట్టించుకున్న ఇంగ్లీషు కాగితంలో ఒక్క లైను మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది: పని సామాను బాధ్యత పార్ట్‌నర్‌దే.

సామాను అంటే ముఖ్యంగా ఐస్ డబ్బా. రక్తం ట్యూబులు ఎండకు చెడిపోకుండా స్కూటీ వెనక కట్టుకుని తెచ్చే పెట్టె. జీతం రోజుల్లో అది విరిగితే స్టోర్‌లో సంతకం పెట్టి ఇంకోటి తెచ్చుకునేదాన్ని. ఈ వేసవిలో నా డబ్బా గడియ ఊడింది. లోపల పెట్టే ఐస్ ప్యాకు కూడా చిల్లిపడి కారిపోయింది. ల్యాబ్ ఇన్‌చార్జికి చెప్పినా కొత్తది ఇవ్వలేదు. కొత్తది కొనలేక కాదు, మొండితనం. డబ్బా మీద వాళ్ల పేరు, వాళ్ల ఫోన్ నంబరు. నేనెందుకు కొనాలి? మూతకు సైకిల్ ట్యూబు ముక్క బిగించి, సీసాలో నీళ్లు గడ్డకట్టించి లోపల పెట్టుకుని మూడు వారాలు నెట్టుకొచ్చాను. రోజూ భయమే. ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక చెయ్యి వెనక్కి పెట్టి మూత తడుముకునేదాన్ని. అయినా పట్టు విడవలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆ ఉదయం మొదటి ఇల్లు ఖైరతాబాద్‌లో. రిటైరైన టీచరమ్మ. కాన్సర్‌కు మందు ఎక్కిస్తున్నారు. ముందురోజు రక్తం పరీక్షలో అన్నీ బాగుంటేనే మర్నాడు దవాఖానకు రమ్మంటారు. ఆ మందులకు ఆమె నరాలు ఎక్కడికక్కడ మూసుకుపోయాయి, చేతుల నిండా నీలం మచ్చలే. ఆరోజు ఒక్క పోటుకే నరం దొరికింది. "నీ చెయ్యి మంచిది బిడ్డా" అంది ఆమె. నాకు గర్వంగా కూడా అనిపించింది.

తర్వాత నాంపల్లిలో రెండిళ్లు. రెండో ఇంట్లోంచి బయటికొచ్చేసరికి రబ్బరు జారిపోయి మూత ఓరగా తెరుచుకుని ఉంది. ఎండ సూటిగా లోపలికి పడుతోంది. సీసాలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. తిన్నగా ల్యాబ్‌కి వెళ్లిపోయినా సరిపోయేదేమో. కంగారులో బండిని మొజంజాహీ మార్కెట్ వైపు తిప్పాను. ఐస్‌క్రీం దుకాణం అప్పుడే తెరుస్తున్నారు.

"భయ్యా, జర ఐస్ ఇస్తారా? ఇందులో రక్తం ఉంది" అన్నాను.

"రక్తమా? గీడ పెట్టకున్రి అమ్మా, గాడ పెట్టున్రి" అంటూనే ఆయన కవర్ నిండా ఐస్ ముక్కలు పోసిచ్చాడు.

ఆ ముక్కల్ని డబ్బాలో కుమ్మరించి ట్యూబులు అందులోకే గుచ్చేశాను. ఐస్ నేరుగా తగిలితే రక్తం పాడవుతుందని, మధ్యలో గుడ్డ చుట్టాలని కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది నేనే. ఆ నిమిషంలో ఆ మాటే తట్టలేదు.

ల్యాబ్‌లో యంత్రంలో వేసి తిప్పారు. ట్యూబు పైభాగంలో పసుప్పచ్చగా, తేటగా నిలవాల్సిన నీరు టీచరమ్మ ట్యూబులో ఎర్రగా నిలిచింది. మిగతా ఇద్దరివీ పైపైన ఉండి బతికిపోయాయి. ఐస్ అడుగుకు దిగినవి ఆమెవే.

"గిది పనికి రాదక్కా, మల్ల తేవాలె" అన్నాడు ఇన్‌చార్జి.

"డబ్బా పాడైందని అప్పుడే చెప్పాను కదా?"

"చెప్పిన్రు. కానీ డబ్బా మీదే గదా ఇప్పుడు, నేనేం జేస్త?" అని, గొంతు తగ్గించాడు. "ఫికర్ చేయకున్రి. డాక్టర్ ఇంకో టెస్టు అడిగిండని చెప్పున్రి, అయిపోతది."

మళ్లీ టీచరమ్మ ఇంటికి బయల్దేరి, లకడీకాపూల్ దాటేదాకా ఆ అబద్ధాన్నే వల్లెవేసుకున్నాను. డాక్టరుగారు అడిగారమ్మా, డాక్టరుగారు అడిగారమ్మా.

"ఏంది బిడ్డా, మల్ల వచ్చినవ్?" అని తలుపు తీసిన టీచరమ్మ, నా చేతిలో సూది సంచి చూసి, తన చెయ్యి కొంగు కింద దాచుకుంది. అది చూశాక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఊడిన గడియ గురించి, ఐస్ గురించి చెప్పాను. కొనగలిగీ పంతానికి కొనలేదని కూడా చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

మొదటి పోటు తప్పింది. రెండోదీ తప్పింది. ఆమె కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి ఓర్చుకుని అంది: "వాళ్లు కొనరు, నువ్వు కొనవు. మీ లొల్లిల నా చేతులేం జేసినయి బిడ్డా?"

కోపంగా అన్నా బాగుండేది. ఊరికే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడోసారికి బొటనవేలి మొదట్లో సన్నటి నరం దొరికింది. రక్తం బొట్టు బొట్టుగా దిగింది. ట్యూబు నిండేదాకా ఆమె నా మొహం వైపు చూడలేదు.