సాగిన టేపు

మొదటి లాక్‌డౌన్ సడలించాక, మేం బతుకుదెరువుకు వలసొచ్చిన నవాగామ్‌లో మా పక్కింటాయన ఒక గది కట్టడం మొదలుపెట్టాడు. ఆయనా మా నాన్నా ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపేవారు, పనికి కలిసే వెళ్ళేవారు. ఒకే స్థలం కొని చెరిసగం పంచుకున్నారు. ఆ వేసవిలో ఆయన తల్లికి జ్వరం వస్తే విడిగా పడుకోబెట్టే చోటు లేక ఇంటిల్లిపాదికీ అంటుకుంది. ముసలామె దక్కలేదు. అందుకే ఆ గది.

ఇటుకలు రెండు వరుసలు లేచాయో లేదో, నాన్న ఇంట్లో ఉన్న పాత గుడ్డ టేపుతో మా వైపు స్థలం కొలిచాడు. జానెడు తక్కువొచ్చింది. మాటా మాటా పెరిగింది. నాన్న ఒక ఇటుకను కాలితో తన్నాడు, ఆయన పార అందుకున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు అడ్డుపడ్డారు. అప్పటికి నేను దగ్గర్లోని హజీరాలో ఒక నిర్మాణ కంపెనీలో సర్వేయర్‌ని. నన్నే కొలవమన్నారు ఇద్దరూ.

ఎండకు ఉక్కు టేపు కూడా సాగుతుంది కనుక పొద్దెక్కకముందే మొదలుపెట్టాను. ముందుగా నాన్న గుడ్డ టేపునూ నా ఉక్కు టేపునూ పక్కపక్కన పరిచాను. గుడ్డ టేపు మీది చివరి గీత ఉక్కు టేపు మీది అదే అంకె గీతను దాటి ఎంతో ముందుకు పోయింది.

"ఇది సాగింది బాపూ. సాగిన టేపు ఎన్నిసార్లు కొల్చినా తక్కువే చూపిస్తది," అన్నాను.

నాన్న అటు చూడలేదు. వంగి నా చెవిలో, "జర గట్టిగ గుంజు బిడ్డా," అన్నాడు.

నేను ఉక్కు టేపు కొసకు, లాగే బలం ఎంతో చూపే స్ప్రింగు కాటా తగిలించి, ప్రతిసారీ ఒకే బలంతో లాగాను. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ వెంట్రుకవాసి తేడా. అది ఎవరు కొలిచినా వచ్చేదే. కానీ మూడింటిలోనూ గోడ మా వైపుకు వచ్చే ఉంది. జానెడు కాదు, నాలుగు వేళ్ళు. ఏ తేడా లేకుంటే బాగుండునని మనసులో ఎంత కోరుకున్నానో. ఇద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నాలుగు వేళ్ళ కోసమా గింత లొల్లి?" అన్నాడాయన.

"నాలుగైనా నావే," అన్నాడు నాన్న.

ఆయన మేస్త్రీని పిలవలేదు. తానే కూర్చుని ఒక్కో ఇటుకా ఊడదీశాడు. నేను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాను.

మరుసటేడు రెండో వేవ్‌లో ఆయన భార్య జ్వరంతో, నాలుగు వేళ్ళు లోపలికి జరిపి కట్టిన ఆ గదిలోనే పడుకుంది. మంచం వేశాక మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత ఇరుకు. నాన్న రోజూ పొద్దున సందులో నిలబడి, కిటికీ వైపు చూస్తూ, ఆక్సిజన్ ఎంతుందని అడిగేవాడు. ఆయన అంకె చెప్పేవాడు, అంతే. ఆమె కోలుకుంది. కార్ఖానాకు మాత్రం ఇద్దరూ వేర్వేరుగానే వెళ్ళేవారు.