కొలువులో గడ్డికప్పు ఇల్లు

అక్టోబరు వచ్చిందంటే చాలు, ఇక్కడ అమెరికాలో, మా బాతెల్ ఊళ్లో కిరాణా దుకాణాల ముందు గుమ్మడికాయల పక్కన పేర్చిన ఎండుగడ్డి మోపులు సన్నటి వానకి తడిసి ఒక వాసన వేస్తాయి. అది ముక్కుకి తగిలితే అందరికీ హాలోవీన్ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం మా నాన్న కట్టిన ఇల్లు గుర్తొస్తుంది.

నాన్న డాక్టరు. అమెరికా రాకముందు ఇంగ్లండులో ఒక పల్లె ఆసుపత్రిలో పనిచేస్తూ, వందల ఏళ్లనాటి రైతుల రాతి ఇంట్లో అద్దెకున్నాడు. మూరెడు మందం గోడలు, కాళ్లు ముడుచుకుని కూర్చోగలిగేంత లోతైన కిటికీ గూళ్లు, వంగకపోతే నెత్తి బొప్పికట్టే గుమ్మం, వాన నిలవకుండా జారిపోయే ఏటవాలు గడ్డికప్పు. భోజనాల దగ్గర ఆయన అవన్నీ చెబుతుంటే నా చేతిలో ముద్ద చల్లారిపోయేది. ఐపాడ్‌లు కొత్తగా వచ్చిన రోజులవి, మేం ఎడిసన్‌లో ఉండేవాళ్లం, నాకు తొమ్మిదేళ్లు. ఆ దసరాకి అమ్మ పెట్టే బొమ్మల కొలువులో ఆ ఇల్లు ఉండాల్సిందేనని మంకుపట్టు పట్టాను. పేరంటానికొచ్చే ఆంటీలందరికీ చూపించాలని నా ఆశ.

వాగులో ఏరిన గులకరాళ్లతో, బంకమట్టితో నాన్న గోడలు లేపాడు. కప్పుకి, ఓక్ ట్రీ రోడ్డులో ఇండియన్ షాపులో కొన్న కొత్త కొబ్బరి చీపురు విప్పి, ఈనెలు తుంచి వరసలుగా అంటించాం. అబ్బ, ఎంత ముద్దొచ్చిందో! పేరంటం రోజు పొద్దున గుగ్గిళ్లకు పోపు వేస్తున్న అమ్మ, గరిటెతోనే వచ్చి చూసింది.

"చీపురా! అమ్మవారి పక్కన చీపురు పెడతారా ఎవరైనా? మతి పోయిందా మీ ఇద్దరికీ?"

"కొత్తదేనే, ఒక్కసారి కూడా ఊడవలేదు," అన్నాడు నాన్న.

"కొత్తదైతే మాత్రం? తియ్యండి ముందు. సాయంత్రం గెస్ట్‌లు వస్తారు."

నాన్న ఈనెలు పీకుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. బోడిగా మిగిలిన ఆ గోడల్ని చూసి అమ్మ మనసూ కరిగినట్టుంది. స్టవ్ ఆపేసి, వాకిట్లో గుమ్మడికాయ కిందున్న గడ్డిమోపులోంచి గుప్పెళ్లు లాక్కొచ్చి, పూలు కట్టే దారంతో చిన్న చిన్న కట్టలు కట్టి నాన్నకి అందించింది. సాయంత్రం ఆంటీలు అమ్మవారికి దండం పెట్టుకుని, ఆ ఇంటి దగ్గరే ఆగిపోయారు. "మా డాడీ ఉన్న ఇల్లు ఆంటీ, రియల్‌గా ఇంగ్లండులో ఉంది!" అని అడగనివాళ్లకి కూడా చెప్పాను. ఆ పల్లెలో పాత గడ్డి పూర్తిగా తియ్యరనీ, దానిమీదే కొత్తది కప్పుతారనీ నాన్న చెప్పడంతో, ఏటా మేమూ అలాగే కప్పాం.

ఎడిసన్ ఇల్లు అమ్మేశాం. కొలువు మెట్లు ఎవరికో ఇచ్చేశాం. నాన్న లేడు. నాన్న కట్టిన ఆ బుల్లి రాతి ఇల్లూ, అమ్మా నాతో వచ్చారు. నిన్న మా అయిదేళ్ల పాప గుప్పిట్లో కొత్త గడ్డి పట్టుకుని అడిగింది:

"మమ్మీ, ఓల్డ్‌ది తీసేయనా?"

"వద్దమ్మా. అడుగున ఉన్నది తాతయ్య కప్పిన గడ్డి. దానిమీదే పెట్టు."

పాప పాత గడ్డి నలగకుండా పెట్టింది. పక్కనే కూర్చున్న అమ్మ, ఇంకో కట్ట కట్టడానికి పూల దారం తెంపి దాని చేతికిచ్చింది.