అత్త పాస్‌వర్డ్, అవ్వ నలుగు పాటలు

లేదు, తప్పు లినక్స్‌ది కాదు. ఇంకెన్నిసార్లు చెప్పాలి? మా వాళ్ళ ఇళ్ళల్లో వైఫై ఆగినా, ప్రింటర్ మొరాయించినా, ఆఖరికి మిక్సీ కాలినా "నువ్వేసిన లినక్సే" అంటారు. వినీ వినీ కోపం తెచ్చుకునే ఓపిక కూడా పోయింది.

మూలకుళంలో ఉండే మా అత్త కంప్యూటర్ పాతబడి నత్తలా నడుస్తుంటే, అందులో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిచ్చింది నేనే. అవ్వ పాడే నలుగు పాటలన్నీ అత్త అందులో టైపు కొట్టిపెట్టుకుంది, తన కూతురి పెళ్ళికి ఆడపిల్లలంతా చూసి పాడాలని. రేపు పొద్దున నలుగు అనగా ప్రింటు తీద్దామని కూర్చుంటే, కంప్యూటర్ లోపలికే రానివ్వలేదు.

నటేశన్ నగర్ నుంచి బండి మీద నేను వెళ్ళేసరికి, మామ సారం ఏరియాలోని రిపేరు షాపతనికి ఫోన్ చేసి పెట్టేశాడు.

"ఫార్మాట్ కొడితే సరిపోతాదంటరా."

"పాటలన్నీ పోతాయి మామా!"

"పోతే పోనీ. సినిమా పాటలు పెడితే పెండ్లి ఆగిపోతాదా ఏంది?"

అవ్వ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

పాస్‌వర్డ్ అత్త కొట్టింది. తప్పు అంది కంప్యూటర్. నేను కొట్టాను. తప్పు. ఈసారి కీబోర్డు ఎగిరేలా కొట్టాను.

"దాన్ని బాదితే ఏమొస్తాది? నీ పొగరు దానికి తెలుస్తాదా?" అంది అత్త.

ఫోన్‌లో వెతికితే తలా ఒక మాట చెప్పారు. అందులో ఒకటి నమ్మి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాను. బొమ్మలేమీ లేని నల్ల తెర వచ్చింది. అక్కడ అదే పాస్‌వర్డ్ కొడితే తీసుకుంది! పాటల ఫైళ్ళు కూడా ఉన్నాయి. మరి మామూలు తెర దగ్గర ఏం రోగం?

వెనక్కొచ్చి మళ్ళీ కొట్టి, పక్కనున్న కంటి గుర్తు నొక్కాను. చుక్కలు పోయి అక్షరాలు కనబడ్డాయి. అన్నీ తమిళం.

"అత్తా, ఈడ పైన ఏమన్నా నొక్కినావా?"

"ఆమా, నేనే తమిళ్‌కి మార్చినా. లోపలికి పోతానే పాట కొట్టొచ్చు గదా అని."

అందరం తమిళ బళ్ళల్లో చదివినవాళ్ళం; మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, చదవడం రాదు. నేనొక్కణ్ణే చదవగలను, అదీ ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. అత్త ఆ తెలుగు పాటలన్నీ తమిళ అక్షరాల్లోనే కొట్టింది. ఆ నల్ల తెరకి ఇంగ్లీషే తెలుసు, అందుకే అక్కడ తీసుకుంది. కీబోర్డును మళ్ళీ ఇంగ్లీషుకి మార్చాను. తలుపు తెరుచుకుంది.

"ఇంతేనా? దీనికా ఇంతసేపు?" అన్నాడు మామ.

నేను ప్రింటర్‌లో కాగితాలు పెట్టాను.

పొద్దున పసుపు చేతుల్తో ఆ కాగితాలు పట్టుకుని పిల్లలు పాడారు. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం గదా, ఒకమ్మాయి గంధాన్ని కందం అని పాడితే అత్త నవ్వుతూనే దిద్దింది. నేను మూల కుర్చీలో ఫోన్ పట్టుకుని కునికిపాట్లు పడుతూ విన్నాను.

పెళ్ళయిపోయింది. మామ మాత్రం ఇప్పటికీ ఆ తమిళ కీబోర్డు తీసెయ్యమని నా ప్రాణం తీస్తున్నాడు. నేను తియ్యను. అత్త ఇప్పుడు అవ్వ లాలిపాటలు కొడుతోంది. తీసెయ్యమనేవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు నాకిది చెప్పండి: మా అత్త ఆ పాటలు ఇంక ఏ అక్షరాల్లో రాయాలి?