బందు నాటి రష్యా సినిమా

తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజుల్లో సిద్దిపేటలో మా పాలిటెక్నిక్ తరచూ మూతపడేది. అలాంటి ఒక మధ్యాహ్నం, స్నేహితుడు ఇచ్చిన రష్యా సినిమా కంప్యూటర్లో పెట్టుకున్నాను. యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు ఒక సైనికుణ్ణి నాన్న అని పిలవడం నేర్చుకుంటాడు. ఆ మనిషి కూడా వాణ్ణి వదిలి వెళ్లిపోతాడు.

మా అమ్మ, అవ్వ అంటాను, వచ్చి పక్కన కూర్చుంది. మా నాన్న, బాపు, నా చిన్నప్పుడే పోయాడు. ఆ లోటు నాకు తెలియకుండా పెంచగలిగిందో లేదో అన్నది ఆమెకు తీరని బెంగ. అందుకే సినిమా ఆపబోయాను.

"ఆపకు బిడ్డా, కథ చెప్పు" అంది.

తెర అడుగున వస్తున్న ఇంగ్లీషు మాటలు చదివి వరుసగా చెప్పాను: మంచు, రొట్టె కోసం క్యూ, ఇరుకు గది, స్టేషన్లో ఒంటరిగా మిగిలిన పిల్లవాడు.

బందులో భాగంగా రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు ముగించుకుని, పొగ వాసనతో మామ లోపలికి వచ్చాడు. ఆయన అవ్వ తమ్ముడు. బాపు పోయినప్పటి నుంచి మాతోనే ఉంటున్నాడు.

అవ్వ తెర వైపే చూస్తూ అడిగింది: "గా పోరనికి మేనమామ లేడార?"

"సినిమాల సూపెట్టలేదవ్వా."

"గట్లెట్ల? మరి ఎవరి ఒళ్లె కూసొని చెవులు కుట్టిచ్చుకున్నడు?"

"గాడ గవన్ని ఉండయక్కా" అన్నాడు మామ. "ఉంటే మాత్రం, వీని లెక్క మామ కొత్త ధోతి తడుపుతడా?"

అవ్వ పకపకా నవ్వింది. "గందుకే గింత గోసవడ్డడు పాపం" అని తేల్చేసింది. నేను భయపడ్డ బాధ ఆమె ముఖంలో ఎక్కడా లేదు.

మామ కాళ్లు కడుక్కొచ్చి మా మధ్య కూర్చున్నాడు.

"మొదటికెల్లి వెయ్యి అల్లుడా."

వేశాను.