నిండుకున్నాయన్న మాట నమ్మి

నా చిన్నప్పుడు, నాకింకా ఎనిమిదేళ్ళు రాకముందు, ఇంట్లో ఎవరినీ అడక్కుండా తొమ్మిదిమందిని భోజనానికి పిలిచాను. అడగాలన్న ఆలోచన కూడా రానంత సంబరంలో ఉన్నాను. ఇన్నేళ్ళయినా ఆ పొద్దు తలుచుకుంటే ముందు గుండె ఝల్లుమంటుంది, ఆ తరవాత నవ్వొస్తుంది. ఈ మాట చెప్తే మా ఇంట్లో పిల్లలు ముందే నవ్వేస్తారు. ఆ రోజు నా చోట నిలబడి ఉంటే తెలిసేది వాళ్ళకి.

మా ఊరు చిలకలూరిపేట నుంచి వినుకొండ వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. అంతా నల్లరేగడి, పత్తి, మిరప. మా ఇల్లు చిన్నది, ఇంట్లో జనం మాత్రం చాలామంది. మా నాయనమ్మ, ఆవిడ ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, ఏడుగురం పిల్లలం. ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది. మిరపకాయలేమో ఇంకా కల్లంలో ఎండుతున్నాయి. కళ్ళు జిగేల్‌మనేంత ఎర్రగా అంత పంట పరుచుకుని ఉన్నా, అమ్ముడయ్యేదాకా అది డబ్బు కాదు, దాన్ని వండుకుని తినలేం. అందుకని బుధవారం సంతకని మా నాన్న ఇచ్చే కాస్త డబ్బుతోనే మా నాయనమ్మ వారమంతా పద్నాలుగుమందికి వండించేది.

ఎలా వండించేదో ఇప్పుడు తలుచుకుంటే నాకు ఆశ్చర్యం. సంతకు అందరూ పొద్దున్నే పోతే ఆవిడ పొద్దు వాలాక బయల్దేరేది. మిగిలిన కూరల్ని మళ్ళీ బండికెక్కించుకుని పోవాలని ఏ అమ్మకందారుకూ ఉండదు కదా. పుచ్చు వంకాయలు బుట్టెడు తెచ్చి, పుచ్చు తీసేసి మిగతాది వండించేది. కందిపప్పును ఒంటరిగా ఏనాడూ పొయ్యెక్కనివ్వలేదు. తోటకూరో, దోసకాయో, మామిడికాయో తోడుండాల్సిందే. 'మనింట్లో పప్పులో ఆకు కాదు, ఆకులో పప్పు' అని మా చిన్నబాబాయి వేళాకోళం చేసేవాడు. చేస్తూనే మూడోసారి వడ్డించుకునేవాడు.

ఇక బళ్ళో నా కష్టం వేరు. మా తరగతిలో రైసుమిల్లు వాళ్ళమ్మాయి ఉండేది. మంచి పిల్లే కానీ నోరు ఊరుకోదు. ఒకరోజు అందరి ముందూ 'మీ ఇంట్లో రోజూ జొన్నకూడేగా, తెల్లన్నం పండక్కేనా' అంది. ఆ మాట నిజమే. నిజం అంటే ఎంత మండుతుందో చిన్నపిల్లలకు తెలిసినంతగా పెద్దవాళ్ళకు తెలియదు. నాలుగు రోజులు ఆ మంటతోనే తిరిగాను.

అయిదో రోజు మంగళవారం. పొద్దున్నే జడ వేయించుకుందామని వెళ్తుంటే, వంటింటి గుమ్మం దగ్గర మా నాయనమ్మ మా నాన్నతో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "ఒరేయ్ పెద్దోడా, బియ్యం నిండుకున్నాయిరా. కందిపప్పు నిండుకుంది. నూనె కూడా నిండుకుంది" అని చెప్తోంది.

నేను అక్కడే ఆగిపోయాను. అంతకుముందు ఆ మాట నా చెవిన పడలేదు, పడినా పట్టించుకుని ఉండను. బియ్యం నిండాయట, పప్పు నిండిందట, నూనె కూడానట. ఇంత కలిమిని పైకి చెప్తే దిష్టి తగులుతుందనే గొంతు తగ్గించి చెప్తోందనుకున్నాను. తరవాత ఆవిడ ఏమందో వినలేదు. సగం జడతోనే బడికి పరుగెత్తాను.

అవి ఒంటిపూట బడి రోజులు. బెల్లు కొట్టకముందే మా వరసలో ఉన్న ఎనిమిదిమంది ఆడపిల్లల్నీ మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. మిల్లు వాళ్ళమ్మాయిని రెండుసార్లు పిలిచాను. అప్పటికీ నా సంబరం తీరక, మంగళగిరి నుంచి కొత్తగా వచ్చి ఊళ్ళో ఒక గదిలో ఒంటరిగా ఉంటున్న మా టీచరమ్మను కూడా పిలిచాను. 'మా ఇంట్లో కుండలన్నీ నిండుగా ఉన్నాయండి' అన్నాను. మా నాయనమ్మ అన్న మాటను అన్నట్టే చెప్పి ఉంటే టీచరమ్మ అక్కడే నవ్వి ఆపేసేది. నా ఖర్మ, సొంత తెలివి ఉపయోగించాను. 'పెద్దవాళ్ళు పిలవమన్నారా' అని ఆవిడ అడిగితే, మా నాయనమ్మే చెప్పిందని ఒక అబద్ధం కూడా కలిపాను.

పది గంటలకు ఇంటర్వెల్ ఇవ్వగానే ఈ శుభవార్త చెప్దామని ఇంటికి పరుగెత్తాను. మా నాయనమ్మ అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది. నేను ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. లోపల మా అమ్మ చేతిలో గరిటె కింద పడ్డ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆవిడ బయటికొచ్చి నా చెవి పట్టుకోబోయింది. మా నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టి, అసలు నిండుకోవడం అంటే ఏమనుకున్నావని నన్ను అడిగింది. చెప్పాను.

ఆవిడ ముఖం చిన్నబోతుందనుకుంటే కాదు, పొట్ట పట్టుకుని నవ్వింది. గింజలన్నీ ఒళ్ళోంచి జారిపోయాయి. "పిచ్చిమొద్దా, నిండుకోవడమంటే అయిపోవడమే. ఇంట్లో గింజలు అయిపోయాయని నోటితో అనకూడదు, అందుకని అట్టా అంటాం" అంది.

 మధ్యాహ్నానికి తొమ్మిదిమంది వస్తారు, ఖాళీ కుండలు చూస్తారు, మిల్లు వాళ్ళమ్మాయి ఇక జన్మంతా ఆ మాట అంటూనే ఉంటుంది. పైగా మా నాయనమ్మే పిలిచిందని చెప్పాను, ఆవిడ పరువు కూడా నా నోటి వల్ల పోతుంది. ఏడుస్తూ, వెనక్కి వెళ్ళి రావొద్దని చెప్పేస్తానన్నాను.

"పిలిచిన నోటితో వద్దంటామా ఎక్కడైనా. ఏడుపాపి ఆ పొడుగు కర్ర పట్రా. ఎంతమందన్నావ్, తొమ్మిదా? మనతో ఇరవైమూడు. ఇంకా రెండు గంటలుంది" అంది.

ఆ రెండు గంటలూ నా జీవితంలో నేను చూసిన జాతర్లన్నిటికంటే గొప్పవి. మా నాయనమ్మ కొంగు నడుముకు చుట్టి వాకిట్లో నిలబడింది, ముగ్గురు కోడళ్ళూ మూడు వైపులకు పరుగెత్తారు. నేను ఇక బడికి పోకుండా కర్రతో మునక్కాయలు రాలుస్తుంటే ఒక పిన్ని ఏరుకుపోయింది. బావిగట్టున ఉన్న మడిలో గోంగూర మొత్తం తుంచేశాం. కల్లంలో ఇంకా ఎండని పండుమిరపకాయలు దోసెడు తెచ్చి, ఉడికిన గోంగూరతో కలిపి రెండో పిన్ని రోట్లో వేసి దంచింది. ఘాటుకు ఇంటిల్లిపాదికీ తుమ్ములు. నూనె లేదని ఎవరూ దిగులు పడలేదు, పడే తీరిక లేదు. జొన్నలు మా చేలో పండినవే కాబట్టి జొన్నరవ్వకు లోటు లేదు. మా అమ్మ పెద్ద డేగిసా పొయ్యి మీద పెట్టి సంగటి మొదలుపెట్టింది.

అసలు పని మా నాయనమ్మ తన చేతిలో ఉంచుకుంది. ఎడ్ల కోసం పెరట్లో పెద్ద కుండలో ఉలవలు తెల్లవారుజాము నుంచీ ఉడుకుతున్నాయి. ఉలవలు ఎడ్లకు వదిలి, ఆ చిక్కటి నీళ్ళు వంచుకుంది. చింతపండు పులుసు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, చిన్న బెల్లంముక్క వేసి కుతకుతా మరిగించింది. తాలింపుకు నూనె లేకపోతే, పొద్దున చిలికిన వెన్నలోంచి కాస్త తీసి అందులో వెల్లుల్లి వేయించింది. ఆ వాసనకు చేలోంచి మా బాబాయిలు పిలవకుండానే వచ్చేశారు. వాళ్ళను చూసి మా నాయనమ్మ, చుట్టాలు లేచేదాకా పెరట్లోనే కూర్చోమంది. చివరికి ఒక చిన్న ఇత్తడి గిన్నె తెచ్చి అందులో ఉన్న బియ్యం కడిగి ఎసట్లో పోసింది. మహా అయితే నలుగురికి సరిపోతాయి. ఇవి ఇరవైమూడుమందికి ఎలా చాలుతాయని అడిగితే, చూస్తూ ఉండమంది.

పన్నెండున్నరకు వచ్చారు. టీచరమ్మ కూడా పిల్లలతో పాటు కిందే కూర్చుంది. విస్తళ్ళలో వేడివేడి సంగటి ముద్దలు, మధ్యలో గుంట చేసి ఉలవచారు, దాని మీద వెన్న. పక్కన గోంగూర, మునక్కాయ పులుసు. మిల్లు వాళ్ళమ్మాయి విస్తరి వైపు చూసి, "అన్నం లేదా మామ్మా?" అని అడిగింది. తలుపు వెనక మా అమ్మ ఊపిరి బిగబట్టింది. నేను నా విస్తట్లోకి తల దించేశాను.

"ఎందుకు లేదమ్మా, ఉంది. మజ్జిగలోకి వస్తుంది. ముందు ఇది తిను, మీ మిల్లులో ఎడ్లు లేవుగా, మీకు ఇది దొరకదు" అంది మా నాయనమ్మ.

ఆ పిల్ల ఒక ముద్ద తిన్నది. ఇంకో ముద్ద తిన్నది.  రెండోసారి ఉలవచారు అడిగింది. మూడోసారి అడక్కుండా గిన్నె వైపే చూస్తూ కూర్చుంది. గోంగూర ఘాటుకు టీచరమ్మ కళ్ళ వెంట నీళ్ళు, అయినా చెయ్యి ఆగదు. నాకు తిండి ఎక్కడ సహిస్తుంది, వాళ్ళు తింటుంటే చూడడంతోనే సరిపోయింది. అందరూ వెనక్కి వాలాక అప్పుడు మా నాయనమ్మ తెల్లన్నం గిన్నె పట్టుకుని దర్జాగా నడిచొచ్చింది. ఒక్కొక్కరికి గుప్పెడు పెట్టేసరికే 'చాలు మామ్మా, చాలు' అని చేతులు అడ్డం పెట్టారు. మిల్లు వాళ్ళమ్మాయి అయితే అసలు వద్దంది. ఆఖరికి ఆ గిన్నెలో ఇంకో రెండు గుప్పెళ్ళ అన్నం మిగిలింది, దాన్ని మా ఇంట్లో అందరికంటే చిన్నపిల్లలిద్దరికీ పెట్టేసింది.

వాళ్ళను సాగనంపి వచ్చి నేను వాకిట్లో ఎగిరాను, గంతులేశాను. అప్పుడు చెప్పింది మా నాయనమ్మ. "ఆకలి మీదున్నోళ్ళకి మనకు ఉన్నది పెట్టాలే. కడుపు నిండినోళ్ళకి లేనిది పెట్టాలి. అప్పుడు రెండూ సరిపోతాయి." నేను ఆ తరవాత ఎన్ని కొలతలు నేర్చుకున్నా, పెద్ద కుటుంబానికి కోడలిగా పోయి నెలాఖరుల్లో ఎన్ని వంటలు వండినా, ఇంతకు మించిన లెక్క నాకు ఎవరూ చెప్పలేదు.

కథ అక్కడితో అయిపోతే నేనిది ఇన్నిసార్లు చెప్పేదాన్ని కాదు. మగవాళ్ళు, పిల్లలు, కోడళ్ళు అంతా మిగిలిన సంగటి తిని లేచారు. పెరట్లో మా అమ్మ ఆ ఇత్తడి గిన్నె తోముతూ, 'ఇక ఈవిడ గతేంటి ఇవాళ' అని పిన్నితో అనడం విన్నాను. ఎవరి గతి అని అడిగితే అప్పుడు తెలిసింది. మా నాయనమ్మకు దవడ పళ్ళు లేవు. జొన్నముద్ద నమల్లేక మింగితే కడుపులో నొప్పితో మెలికలు తిరిగిపోతుంది. ఆ గిన్నెలో బియ్యం మర్నాడు సంత దాకా ఆవిడ ఒక్కదానికని విడిగా ఉంచినవి. మా అందరికీ అన్నం లేకపోయినా అవి ముట్టుకోవద్దని మా నాన్న గట్టిగా చెప్పి పెట్టాడట.

నా గంతులన్నీ ఆగిపోయాయి. వెళ్ళి చూస్తే ఆవిడ అరుగు మీద మళ్ళీ చింతపండు ముందేసుకుని కూర్చుంది. తిన్నావా అని అడిగాను. ఈ ఎండకు ఆకలెక్కడిదే, పో అని కసిరింది. ఆవిడ కసిరితే పిల్లలం పారిపోయేవాళ్ళం. ఆ రోజు నేను పోలేదు.

డేగిసా అడుగున అంటుకున్న సంగటి గీకాను. ఒక చెంబులో వేసి, మజ్జిగ పోసి, పలుకన్నది చేతికి తగలకుండా మెదపడం మొదలుపెట్టాను. మెదిపి మెదిపి నా చిన్న చెయ్యి పీకింది. నమలక్కర్లేకుండా తాగేంత జావయ్యాక, పిన్నినడిగి పాత గుడ్డలో వడగట్టించి, రెండు చేతులతో పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. మా నాయనమ్మ చెంబు వైపు చూసింది, నా చెయ్యి వైపు చూసింది. ఎత్తి చివరిదాకా తాగింది. మూతి తుడుచుకుని, "ఉప్పెయ్యలేదేమే" అంది. కడుపునొప్పి రాలేదని మర్నాడు పొద్దున్నే నాకే ముందు చెప్పింది. అప్పట్నుంచి సంతలో బియ్యం దొరికినా దొరక్కపోయినా, ఆవిడ చెంబు మెదిపే పని నాది. ఉప్పు ఇక మర్చిపోలేదు.

ఇప్పటికీ నేను ఏ ఇంట్లో భోజనం చేసినా, చెయ్యి కడుక్కోకముందే వంటింట్లోకి తొంగిచూసి వండిన మనిషిని నువ్వు తిన్నావా అని అడుగుతాను. ఇది పెద్దదాని చాదస్తమని మా కోడలు నవ్వుతుంది, నవ్వనీ. తిన్నానంటే సరే. ఆకలి లేదంటే మాత్రం నేను నమ్మను, అక్కడే పీట వేసుకుని కూర్చుంటాను.