సాన్పి చల్లిన ప్లాటు

నారమ్మకు అల్లం వాసన తెలియదు. ఆమె బస్సెక్కి కూర్చుంటే పక్క సీటు మనిషి ముక్కెగబీల్చి, ఎక్కడో చాయ్ మరుగుతున్నట్టుందే అని చుట్టూ చూస్తుంది. ఆ చాయ్ తానేనని నారమ్మకు తెలుసు. చెంగు ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం ఆమెకు గాలి తప్ప ఏమీ అందదు. పెళ్లయిన కొత్తల్లో అల్లం పనికి చేరినప్పుడు వాసన ఉండేది. అది ఎప్పుడు పోయిందో ఆమె గమనించలేదు.

జహీరాబాద్ నుంచి మొగుడంపల్లి వెళ్లే రోడ్డు మీద ఒక సావుకారి అల్లం యార్డు ఉండేది. తవ్వి తెచ్చిన అల్లాన్ని తొట్లలో పోసి, ఆడవాళ్లు కాళ్లతో తొక్కి కడిగేవాళ్లు. ఎండాకాలం చివర, వానలకు ముందు, విత్తనం అల్లాన్ని ముక్కలు చేసి మందు కలిపిన డ్రమ్ముల్లో ముంచి నీడలో ఆరబోసేవాళ్లు. మందు పేరు వాళ్లకు ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ముంచిన చేతులు మోచేతుల దాకా పాలపిట్ట రెక్క రంగుకు తిరిగేవి. నారమ్మ పక్క పీట హబీబున్నీసాది. ఆమె తన చేతులను ఎండకు పట్టి చూసుకునేది.

"అందరి మెహందీ ఎర్రగ పండుతది, నారమ్మా. మనది చూడు, నీలంగ పండింది."

"మన మొగోళ్ల ప్రేమ అసుమంటిది, ఆపా."

పొద్దుగూకే వేళ డ్రమ్ముల్లో మిగిలిన నీళ్లు వెనక మూలన పారబోసేవాళ్లు. నేల గుటకలు వేసినట్టు తాగేది. మర్నాటికి అక్కడ తడి కూడా కనబడేది కాదు.

సావుకారు పోయాక ఆయన కొడుకులు యార్డును ప్లాట్లుగా కోసి అమ్మారు. అల్లం కూలీల మహిళా సంఘం వెనక వరుస ప్లాట్లు తీసుకుంది. ఎవరికి ఏది కావాలో అడిగినప్పుడు నారమ్మ వెనక మూల ప్లాటు కోరుకుంది. ఎందుకని అడిగితే ఆమె సరిగా చెప్పలేకపోయింది. నడుము నొప్పి పెడితే అక్కడి గోడకే ఆనుకునేది. కూతురు నాగరాణి కడుపులో ఉన్నప్పుడు మొదటిసారి కదిలింది అక్కడే. ఆ జాగా తన పాదాలకు తెలుసు అనుకుంది. పక్క ప్లాటు హబీబున్నీసాకు వచ్చింది.

ఇప్పుడు నాగరాణికి ఒక కొడుకు, వినయ్. అల్లుడు బొంబాయి రోడ్డు మీద లారీ నడుపుతాడు, ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. నారమ్మ, లారీల దగ్గర హమాలీ చేసే భర్త నర్సింలు, కూతురు, మనవడు, అందరూ బస్టాండు వెనక ఒకే కిరాయి గదిలో ఉంటారు. వినయ్ కొత్తగా పాకుతున్నాడు. గదిలో పాకడానికి చోటు లేక గడప దాటి సందులోకి పోతాడు. పోయిన ప్రతిసారీ గుప్పెడు మన్ను నోట్లో పెట్టుకుంటాడు. నాగరాణి వేలు పెట్టి గోకి తీస్తుంది.

"తిననియ్యే," అంటుంది నారమ్మ. "మనింట్ల అయితే మన మన్నే తింటడు. ఇది పరాయోళ్ల మన్ను అనే కదా నీ బాధ."

ఇళ్లు కట్టుకునే కూలీలకు సాయం చేసే సంస్థ ఒకటి సంఘానికి ముందుకొచ్చింది. ఒక షరతు పెట్టింది. ఇది అల్లం యార్డు కాబట్టి, పునాదికి ముందు మట్టి పరీక్ష చేయించాలి. పట్నం నుంచి రుచిత అనే అమ్మాయి వస్తుందని, వచ్చే రోజు కూడా ముందే కబురు చేశారు.

మట్టిని పరీక్ష చేయడమంటే ఏమిటో నారమ్మకు అంతుపట్టలేదు. పెళ్లిచూపుల వంటిదేమో అనుకుంది. పట్నం నుంచి ఒక పిల్ల వచ్చి నేలను చూస్తుంది, నచ్చితే ఇల్లు, నచ్చకపోతే లేదు. అయితే నేల ఎట్లా ఉందో చూస్తే నారమ్మకే సిగ్గేసింది. గుంతలు, పాత గోనె పీలికలు, పగిలిన పెంకులు. ఇంటికి చుట్టం వస్తుంటే వాకిలి ఇట్లా వదిలేస్తారా? ట్రాలీ మనిషిని బతిమాలి ఎర్ర మొరం తెప్పించి గుంతలు పూడ్చింది. పారతో సదును చేసింది. అదే వారం ఒక వాన పడి మొరం నేలలో కలిసిపోయింది. అక్కడి నేలా ఎరుపే, తెచ్చిన మొరమూ ఎరుపే. ఏది పాతదో ఏది కొత్తదో రెండు రోజులకు ఆమెకే తెలియలేదు.

రుచిత వచ్చే రోజు పొద్దున పెండనీళ్లతో సాన్పి చల్లి, నడుమ ఒక ముగ్గు వేసింది.

రుచిత స్కూటీ దిగి ముగ్గును చూసి నిలబడిపోయింది. పలచటి మనిషి, భుజాన బరువైన సంచి, చేతిలో పొడవాటి ఇనుప గొట్టం. ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ మర్యాద నారమ్మకు నచ్చింది.

"అమ్మా, ఈ నేలను ఈ మధ్య ఎవరన్నా ముట్టుకున్నారా? తవ్వడం, పొయ్యడం ఏమన్నా?"

"లేదు బిడ్డా. ఎట్లున్నదట్లనే ఉన్నది."

అబద్ధం ఆడుతున్నానని ఆమెకు కలలో కూడా తోచలేదు. పిల్ల తల దువ్వి బడికి పంపితే పిల్లను మార్చినట్టా?

"పిల్లలుంటారా ఇంట్లో?"

"ఒక్కడున్నడు. మన్ను తింటడు."

రుచిత నవ్వలేదు. "అయితే పైమట్టే ముఖ్యం," అంది. అక్కడక్కడా గొట్టం గుచ్చి, జానెడు లోతు మట్టి తీసి, సంచుల్లో కట్టుకుంది. నారమ్మ పోసిన చాయ్ తాగి, అల్లం బాగా వేశారమ్మా అని మెచ్చుకుని వెళ్లింది.

కొన్ని వారాలకు ఫోను వచ్చింది. మట్టి బాగుందట. ఇల్లు కట్టుకోవచ్చట.

నారమ్మ ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. నర్సింలు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తనే పరీక్ష రాసి పాసయినట్టు సందంతా తిరిగి వచ్చాడు.

పునాది తవ్వే రోజు జేసీబీ వచ్చింది. రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టింది. ఎర్రమట్టి, ఎర్రమట్టి, రాయి, మళ్లీ ఎర్రమట్టి. వెనక మూలకు వచ్చేసరికి బకెట్టులో మన్ను రంగు మారింది. బూడిదకు నీలం కలిసినట్టుంది. మధ్యలో అక్కడక్కడా పచ్చటి పొరలు. ఎండ దాని మీద పడగానే నారమ్మ తన చేతులు చూసుకుంది. ఎందుకు చూసుకుందో ఆమెకు వెంటనే తెలియలేదు. చేతులు మామూలుగానే ఉన్నాయి. మన్నుదే ఆ పాత రంగు.

ఇన్నేళ్లూ ఎక్కడికి పోయాయనుకుంది ఆ నీళ్లు? నేల తాగిందంటే అరిగిపోయాయనుకుంది. నేల మింగింది ఎక్కడికీ పోదా?

నాగరాణి చంకలో వినయ్ కిందికి వంగి ఆ మట్టి కుప్ప వైపు చేతులు చాస్తున్నాడు. నారమ్మ గబగబా పోయి పిల్లవాణ్ని లాక్కుంది.

"ఏమైందవ్వా?" అంది నాగరాణి.

"ఏం కాలే. నాకే ఏదో ఎట్లనో ఉన్నది."

ఆమెకు నిజంగానే ఎట్లాగో ఉంది. చదువుకున్న పిల్ల బాగుందని చెప్పింది. కళ్లు బాగాలేదంటున్నాయి. తను ఆ నీళ్లలో చేతులు ముంచి ఇన్నేళ్లు బతికింది, తనకేమయింది? ఏమీ కాలేదు. కాలేదా? వాసన పోయింది కదా. అది మందు వల్లనా, అల్లం వల్లనా, వయసు వల్లనా? ప్రశ్నలు దారం ఉండలాగా చిక్కుపడ్డాయి, ఏ కొస పట్టుకున్నా ముడే వచ్చింది.

జేసీబీ ఆపించి, నర్సింలును పక్కకు పిలిచింది.

"ఆ పిల్లకు ఫోన్ చేద్దామయ్యా."

"ఎందుకు? బాగుందన్నరు కదా."

"రంగు చూసినవా?"

"మన్నుకు నూరు రంగులుంటయి. ఫోన్ చేస్తే మల్ల పరీక్ష అంటరు, పని ఆపమంటరు. ఇల్లు చేతికొచ్చినాక కాళ్లతోటి తన్నుకుంటవా?"

"తిన్నది నువ్వు కాదు. తినేది వాడు."

నర్సింలు మనవడి వైపు చూశాడు. తర్వాత ఎటూ చూడకుండా బీడీ వెలిగించాడు. చేయమనలేదు, వద్దనలేదు. నారమ్మే నంబరు నొక్కించుకుంది.

రుచిత అంతా వింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, నేను రాకముందు నేలను ఏమన్నా చేశారా?"

"ఏం చెయ్యలే బిడ్డా. ఊడ్చిన. సాన్పి చల్లిన."

"మట్టి ఏమన్నా పోశారా?"

"గుంతలుంటే నీకు కాలు మడత పడ్తదని మొరం పోయించిన. గంతే."

"ఎంత?"

"ఒక ట్రాలీ. కాదు, చాలకపోతే ఇంకోటి."

అవతల నిట్టూర్పు, దాని వెనకే చిన్న నవ్వు. "అమ్మా, నేను పరీక్ష చేసింది మీ నేలను కాదు. మీ మొరాన్ని."

నారమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకునే చుట్టూ చూసింది. కాళ్ల కింద ఉన్నది తన నేలా, ట్రాలీ నేలా? తను నిలుచున్న చోటు తనకు తెలుసని కదా ఈ ప్లాటు కోరుకుంది.

ఈ సంగతి హబీబున్నీసాకు చెబితే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "పెళ్లికూతుర్ని చూడొస్తే పక్కింటి పిల్లను కూర్చోబెట్టినవు, నారమ్మా." నవ్వు ఆగాక తన ప్లాటు వైపు చూసి గొంతు తగ్గించింది. "నాది కూడ చూడమను జర. ఆ నీళ్లు నేను కూడ పోసిన కదా."

రుచిత మళ్లీ వచ్చేదాకా పని ఆగింది. ఆ రోజు పొద్దున నారమ్మ అలవాటుగా బకెట్టులో పెండ కలిపింది. కలిపాక గుర్తొచ్చి, దాన్ని కిరాయి గది ముందు చల్లి, ఖాళీ చేతులతో ప్లాటుకు వెళ్లింది. ఊడ్వని నేల మీద గాలి కాగితాలను దొర్లిస్తోంది. చుట్టం వచ్చే వేళకు వాకిలి ఇట్లా ఉండటం ఆమెకు ఒంటి మీద గుడ్డ సరిగా లేనట్టే అనిపించింది. చేతులు ఏదో ఒకటి చేద్దామన్నాయి. వాటిని చంకల్లో పెట్టుకుని నిలబడింది.

ఈసారి రుచిత మోకాలి లోతు దాకా గొట్టం దించింది. రెండు ప్లాట్లలోనూ, మూలన, నడుమ, రోడ్డు వైపు. మట్టి ముద్దలను వరసగా ప్లాస్టిక్ పట్టా మీద పేర్చితే, అవి ఒక పొడవాటి పగలు రాత్రిగా మారుతున్నట్టు కనబడ్డాయి. ఎరుపు, ముదురెరుపు, మసక, నీలం.

ఫలితం వచ్చాక రుచితే స్వయంగా వచ్చి చెప్పింది. నారమ్మ ప్లాటు వెనక మూల, దానికి ఆనుకుని హబీబున్నీసా ప్లాటులో కొంత చెడింది. అక్కడ ఇల్లు కట్టకూడదు, కూరగాయలు వేయకూడదు, పిల్లవాణ్ని వదలకూడదు. ఆ మన్ను తవ్వి, కప్పి తీసుకుపోవడానికి వేరే ఏర్పాటు చేయాలి. దానికి సమయం పడుతుంది. రోడ్డు వైపు నేల మాత్రం బాగుంది. ఇల్లు ముందుకు జరిపి కట్టుకోవచ్చు, కొంచెం చిన్నదవుతుంది.

"బాగున్నదంటే, ఈసారి నేలనేనా?" అడిగాడు నర్సింలు.

"నేలనే, పెదనాన్నా. మొరం కింద నేలనే."

"ఆ మన్నును తీస్కపోయి ఏడ పోస్తరు?" అడిగింది నారమ్మ.

"దానికి వేరే జాగా ఉంటుందమ్మా. మనుషులు లేనిచోట."

మనుషులు లేనిచోటు ఎక్కడుంటుందో నారమ్మకు తెలియలేదు. ఆ నీళ్లు పారబోసిన మూల కూడా ఒకప్పుడు మనుషులు లేనిచోటే అనుకున్నారు అందరూ. ఆ మాట పైకి అనలేదు. ఇంకోటి అడిగింది.

"మరి నా చేతులు, బిడ్డా? ఇన్నేండ్లు దాంట్లనే ముంచిన."

రుచిత ఆమె చేతులు పట్టుకుని చూసింది. "నాకు మట్టి సంగతే తెలుసమ్మా. చేతులను డాక్టరుకు చూపిద్దాం. నేను తోడొస్తా." లేని మాట చెప్పనందుకు నారమ్మకు ఆ పిల్ల మీద ఇష్టం కలిగింది, భయమూ తగ్గలేదు.

"మంచి నేల ఎక్కడికి అయిపోతదో చూపియ్యి," అంది చివరికి. "నా కంటికి అంతా ఒక్కతీరుగనే ఉన్నది."

రుచిత తాడు పట్టుకుని నడిచింది. గుర్తు పెట్టడానికి సున్నం కోసం సంచిలో వెతికింది. లేదు. నారమ్మ తన చెంగు ముడి విప్పింది. ముగ్గుపిండి ఎప్పుడూ అక్కడే ఉంటుంది. తాడు వెంట వంగి, చూపుడువేలు బొటనవేలు మధ్య నుంచి పిండి వదులుతూ వెనక్కి నడిచింది. తన ప్లాటు దాటి హబీబున్నీసా ప్లాటులోకి గీత సాగింది. చుక్కలు లేవు, పువ్వులు లేవు. ఎవరినీ రమ్మనని ముగ్గు వేయడం ఆమెకు ఇదే మొదటిసారి. గీత కొంచెం వంకర పోయింది.

నాగరాణి వినయ్‌ను రోడ్డు వైపు నేల మీద దించింది. వాడు ఒక గుప్పెడు ఎర్రమట్టి తీసుకుని, కొంచెం నోట్లో పెట్టుకుని, అందరి వైపు చూశాడు. నాగరాణి వాడి నోటి దాకా చేయి చాచి, అక్కడే ఆగి, తల్లి వైపు తిరిగింది.

నారమ్మ గీత వైపు చూసింది. పిల్లవాడి పిడికిలి వైపు చూసింది. నాగరాణి ఇంకా అడుగుతున్నట్టే నిలబడి ఉంది.

"ఇల్లు ముందటికే కడదాం," అంది నారమ్మ. "వాడి నోరు మాత్రం కడుగు."