ఎస్తేరు ఆంటీ తొక్కి చూసిన స్లాబు

చెక్కుబుక్కులోంచి కాగితం చింపిన చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఎస్తేరు ఆంటీ గొంతు వినిపిస్తుంది. నిన్న మేడ మీద గది కడుతున్న మేస్త్రి వచ్చే నెల తేదీతో చెక్కు అడిగినప్పుడూ అంతే. "ఆగవే, పని చూశావా?" అన్నట్టయింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అయినా నా చెయ్యి ఆగింది.

ఇనుప గనులున్న కిరందూల్ రైల్వే కాలనీలో వాళ్లది మా పక్క క్వార్టరు. భర్త గార్డు. ఆవిడేమో విజయనగరం మనిషి, రోజూ జీపెక్కి దంతెవాడ కోర్టుకు వెళ్లే లాయరు. గనుల ఎర్రదుమ్ము పట్టిన నల్లకోటు విప్పకుండానే మా వంటింట్లో దూరి టీ పెట్టుకునేది. ఆ చనువంటే మా అమ్మకు భలే ముచ్చట.

నాన్న స్టేషన్ మాస్టరు. రిటైరయ్యేలోగా పక్క ఊరు బచేలిలో ఇల్లు లేపాలని, కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదార్ జోగయ్యకు జీతాల మర్నాటి తేదీలు వేసి, రాబోయే నెలల చెక్కులన్నీ ఒకేసారి ఇచ్చేశారు. కాలనీలో అందరూ చేసే పనే. గోడలు లేచాక వానలు పట్టుకుని పని ఆగింది. దాంతో జీతం పడగానే ఖాతా ఖాళీ చేసేస్తానన్నారు నాన్న.

"డబ్బుల్లేకపోతే చెక్కు తిరిగొస్తాది. ఆడేటి సేస్తాడు?"

ఆంటీ టీగ్లాసు కింద పెట్టింది. "మాస్టారూ, తేదీ వచ్చిందంటే సిగ్నల్ పడిపోయినట్టే. అప్పుడు పట్టాల మీద నిలబడి చెయ్యి అడ్డం పెడతారేటి? చెక్కు తిరిగొస్తే నోటీసొస్తాది. పదిహేను రోజుల్లో కట్టకపోతే క్రిమినల్ కేసు. బ్యాంకుకి ఆపమని రాసినా అదే గొడవ. పని అవలేదని కోర్టులో చెప్పుకోవచ్చు, కానీ రుజువు చేసుకోవలసింది మీరే. ఈలోగా ఉద్యోగం, పెన్షను ఏమవుతాయి?"

నాన్న ముఖం పాలిపోయింది. ఆయన భయపడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆంటీ జోగయ్యను మా ఇంటికి, నాన్న ముందుకే పిలిపించి, ముందు కడుపునిండా భోజనం పెట్టింది. ఉసూర్ అనే ఊరి వైపు మనిషి, మంచివాడే.

"నేనేంది చేసేది అమ్మా? ఒక చెక్కు సిమెంటు సేఠ్‌కిచ్చిన," అన్నాడు దిగులుగా.

"ఆ సిమెంటు గోడల్లో ఉందా?"

"ఉంది."

"అయితే ఆ చెక్కుకి మాస్టారు డబ్బుంచాల్సిందే. మిగతావి తెచ్చిచ్చేయ్. ఇకమీదట స్లాబు పడ్డాక స్లాబు చెక్కు, తలుపులు నిలబడ్డాక తలుపుల చెక్కు. ఆ మాటే రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి."

వాళ్లిద్దరి మొహాల్లోనూ కళ వచ్చింది. వానలు తగ్గి స్లాబు పడింది. అది గట్టిపడ్డాక ఆంటీ నల్లకోటుతోనే నిచ్చెనెక్కి, మడమతో దబదబా తొక్కి, పైనుంచే కేకేసింది. "రాసియ్యండి మాస్టారూ!" జోగయ్య పడీపడీ నవ్వాడు.

ఆ స్లాబే ఇప్పుడు మా మేడగదికి నేల. నిన్న చెక్కుబుక్కు పట్టుకుని పైకి వెళ్లాను. కొత్త గచ్చు మీద చెప్పులు విప్పి, మడమతో గట్టిగా తొక్కాను.

"ఏంది మేడం, నమ్మకం లేదా?" అన్నాడు మేస్త్రి.

"ఉంది," అని అక్కడే నిలబడి, అయిన గచ్చు పని మేరకే, ఆ రోజు తేదీ వేసి చెక్కు ఇచ్చాను.